కరెంటు బిల్లు నుంచి కరెంట్ అఫైర్స్ దాకా: నా అనుభవం

విశాఖ ద్వారకానగర్‌లో ఏ పుస్తకాల షాపుకు వెళ్లినా నెలవారీ కరెంట్ అఫైర్స్ పుస్తకాలు కౌంటర్ మీదే దొంతర్లుగా ఉంటాయి. అవార్డులు, క్రీడలు, నియామకాలు, సదస్సులు వాటిలో బాగానే ఇస్తారు. 'ప్రభుత్వ విధానాలు, చట్టాలు' అన్న భాగానికి వచ్చేసరికి మాత్రం ఒక్కో అంశానికి రెండేసి లైన్లు. ఫలానా బిల్లుకు ఆమోదం, ఫలానా రూల్స్ నోటిఫికేషన్, తేదీ. అంతే. ఏపీపీఎస్సీ గ్రూప్-2 స్క్రీనింగ్‌లో 150 ప్రశ్నలుంటే 30 కరెంట్ అఫైర్స్‌వే. వాటిలో విధానాల మీద వచ్చేవి ఈ రెండు లైన్లతో తేలవు. "కింది వాక్యాల్లో సరైనవి ఏవి?" అని అడిగి నాలుగు ఆప్షన్లూ నిజంలాగే కనిపించేటట్టు పెడతారు. తప్పు పెడితే మూడో వంతు మార్కు కోత. పైగా అవే అంశాలు మెయిన్స్‌లో రాజ్యాంగం పేపర్లోనూ, ఎకానమీ పేపర్లోనూ ఇంకో వేషంలో వస్తాయి.

ఈ భాగాన్ని నేను ఎలా చదివానో చెప్పమని మా పౌర గ్రంథాలయం రీడింగ్ రూమ్‌లో కొత్తగా చేరినవాళ్లు అడుగుతుంటారు. ప్రతిసారీ నోటితో చెప్పేకన్నా ఒకసారి రాసి పెడితే నయమనిపించింది.

నాకు దారి చూపింది గ్రూప్-1 మెయిన్స్ రాసిన ఒక అక్క. ఆమె పేపర్ చదివే తీరే వేరు. హెడ్డింగ్ చూస్తుంది, వార్త చదువుతుంది, పక్కన పెన్సిల్‌తో ఒకే ప్రశ్న రాస్తుంది: "వీళ్లకు ఈ అధికారం ఎక్కడిది?" నేను మొదటిరోజుల్లో ఏదో పథకం వివరాలు గడగడా అప్పజెబితే, "ఇవన్నీ సరేనమ్మా, ఈ ఆర్డర్ ఎవరిచ్చారు? ఏ చట్టం కింద ఇచ్చారు? నచ్చనివాళ్లు ఎక్కడికి వెళ్లాలి?" అంది. అప్పటి నుంచి ఆ ప్రశ్నలు నాకు అలవాటైపోయాయి.

వాటిని మొట్టమొదట ప్రయోగించింది మా ఇంటి కరెంటు బిల్లు మీద. నాన్న బిల్లు చేతిలో పెట్టి, "గ్రూప్స్ చదువుతున్నావు కదా, చెప్పు. ఈ పెంచింది ఈ గవర్నమెంటా, ఆ గవర్నమెంటా?" అన్నారు. సరదాకే అడిగారు గానీ, జవాబు కోసం కూర్చుంటే అదో పెద్ద పాఠం అయింది.

బిల్లులో యూనిట్ల చార్జీ ఉంటుంది. దాన్ని నిర్ణయించేది ప్రభుత్వం కాదు, కరెంటు పంపిణీ చేసే కంపెనీ (డిస్కమ్) కూడా కాదు. విశాఖ కేంద్రంగా పనిచేసే డిస్కమ్ ఈపీడీసీఎల్ తనకు వచ్చే ఏడాది ఎంత ఆదాయం కావాలో లెక్కలు వేసి రాష్ట్ర విద్యుత్ నియంత్రణ కమిషన్ (ఏపీఈఆర్‌సీ) ముందు పెడుతుంది. విద్యుత్ చట్టం 2003లోని సెక్షన్ 62 కింద టారిఫ్ ఖరారు చేసేది ఆ కమిషనే. దానికి ముందు సెక్షన్ 64 ప్రకారం ప్రజల అభ్యంతరాలు తీసుకోవాలి. ఏ వర్గానికైనా తక్కువ ధరకు కరెంటు ఇవ్వాలని రాష్ట్ర ప్రభుత్వం అనుకుంటే సెక్షన్ 65 కింద ఆ సబ్సిడీ సొమ్ము డిస్కమ్‌కు ముందుగానే కట్టాలి. అంటే ఉచిత విద్యుత్ అన్న రాజకీయ నిర్ణయం ప్రభుత్వానిది, ధర నిర్ణయం కమిషన్‌ది. అదే బిల్లులో ఎలక్ట్రిసిటీ డ్యూటీ అని ఇంకో లైను ఉంటుంది. అది పన్ను. రాజ్యాంగం ఏడో షెడ్యూల్ రాష్ట్ర జాబితాలోని 53వ అంశం కింద వేసేది. విద్యుత్ అన్న విషయం మాత్రం ఉమ్మడి జాబితాలో 38వ అంశం. ఒక్క కాగితం మీద మూడు వేర్వేరు అధికారాలు!

ఇక అందరూ తిట్టుకునే ఇంధన సర్దుబాటు చార్జీ. కొనుగోలు ఖర్చు పెరిగితే ఆ తేడాను నెలనెలా వసూలు చేసుకునే పద్ధతి రావాలని 2022 డిసెంబరులో కేంద్ర విద్యుత్ శాఖ తన రూల్స్ సవరించింది. దానికి తగ్గట్టు రాష్ట్ర కమిషన్ తన రెగ్యులేషన్స్ మార్చుకుంది. రూల్స్ చేసే అధికారం కేంద్రానికి సెక్షన్ 176 ఇస్తే, రెగ్యులేషన్స్ చేసే అధికారం రాష్ట్ర కమిషన్‌కు సెక్షన్ 181 ఇస్తుంది. ప్రభుత్వం చేసేవి రూల్స్, చట్టం పుట్టించిన సంస్థ చేసేవి రెగ్యులేషన్స్. ఈ తేడా పాలిటీ పుస్తకంలో ఎన్నిసార్లు చదివినా ఎక్కలేదు గానీ బిల్లు చూశాక ఇక మర్చిపోలేదు. సెబీ, ట్రాయ్, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లాంటి నియంత్రణ సంస్థలు ఏం జారీ చేసినా ఇదే చట్రంలో పెట్టి చూడొచ్చు.

ఏపీఈఆర్‌సీ బహిరంగ విచారణ విశాఖలో జరిగినప్పుడు వెళ్లి కూర్చున్నాను. ప్రిపరేషన్‌లో ఉన్నవాళ్లు ఒక్కసారైనా ఇలాంటిది చూడాలని నా గట్టి అభిప్రాయం. వేదిక మీద కమిషన్, ఒక పక్క డిస్కమ్ అధికారులు, ఎదురుగా అభ్యంతరాలు పంపినవాళ్లు. ఫెర్రో అల్లాయ్స్ పరిశ్రమల తరఫున వచ్చినవాళ్లు కాగితాలు చూసి అంకెలు చదివారు. రైతు సంఘం పెద్దాయన ఒకరు కాగితం లేకుండానే మోటార్ల గురించి మాట్లాడారు. వామపక్షాల నాయకులు ట్రూ-అప్ (పాత ఖర్చుల తేడాను తర్వాత వసూలు చేయడం) వద్దన్నారు. ప్రతి అభ్యంతరానికీ డిస్కమ్ జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది. పుస్తకాల్లో అర్ధ న్యాయ సంస్థ అని ఒక్క మాటలో తేల్చేసేది ఇదే. రెగ్యులేషన్స్ రాసే పని శాసనసభ పనిలా ఉంటుంది, టారిఫ్ వేయడం కార్యనిర్వాహక పని, వాదనలు విని ఉత్తర్వు ఇవ్వడం కోర్టు పని. మూడూ ఒకే సంస్థ చేస్తుంది. ఆ ఉత్తర్వు నచ్చకపోతే సెక్షన్ 111 కింద విద్యుత్ అప్పిలేట్ ట్రిబ్యునల్‌కు, అక్కడి నుంచి సెక్షన్ 125 కింద సుప్రీంకోర్టుకు వెళ్లాలి. ఆ సాయంత్రం ఇంటికొచ్చి నాన్నకు ఇదంతా వివరిస్తే, "మొత్తానికి ఎవర్నీ తిట్టడానికి లేకుండా చేశావు" అన్నారు.

ఇది అయ్యాక నాకు ఊరంతా సిలబస్‌లా కనిపించడం మొదలైంది. విశాఖకు ఆ అదృష్టం ఉంది. కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థలు, పోర్టు, చేపల రేవు, రసాయన పరిశ్రమలు, తీర ప్రాంతం, అన్నీ సిటీ బస్సు దూరంలోనే.

గాజువాక దాటి కూర్మన్నపాలెం వెళ్తే స్టీల్‌ప్లాంట్ కార్మికుల దీక్షా శిబిరం కనిపించేది. 'విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు' అన్న నినాదం ఇక్కడ చిన్నపిల్లలకూ తెలుసు. వార్తల్లో ఉద్యమం ఉంటుంది, ఆ ఉద్యమానికి వెనకున్న విధానం పేరు చాలామందికి తెలియదు. స్టీల్‌ప్లాంట్‌ను నడిపే కంపెనీ ఆర్‌ఐఎన్‌ఎల్‌లో నూరు శాతం వాటా ఉపసంహరణకు ఆర్థిక వ్యవహారాల కేబినెట్ కమిటీ సూత్రప్రాయంగా ఒప్పుకున్నది 2021 జనవరి 27న. కొద్దిరోజులకే వచ్చిన కొత్త ప్రభుత్వ రంగ సంస్థల విధానం నాలుగు వ్యూహాత్మక రంగాలను చెప్పింది: అణుశక్తి, అంతరిక్షం, రక్షణ ఒకటి, రవాణా, టెలికాం ఒకటి, విద్యుత్, పెట్రోలియం, బొగ్గు, ఇతర ఖనిజాలు ఒకటి, బ్యాంకింగ్, బీమా, ఆర్థిక సేవలు ఒకటి. ఉక్కు ఈ నాలుగింటిలో దేనిలోనూ లేదు. ఆ విధానం ప్రకారం వ్యూహాత్మకం కాని రంగాల్లో సంస్థలను ప్రైవేటుకు ఇవ్వడమో, మూసెయ్యడమో చూస్తారు. ఈ ఒక్క ముక్క తెలిస్తే మన ప్లాంటు సంగతే కాదు, ఎయిరిండియా నుంచి మిగతా సంస్థల దాకా ఏ ప్రశ్న వచ్చినా పట్టు దొరుకుతుంది.

తర్వాత 2025 జనవరిలో 11,440 కోట్ల రూపాయల ప్యాకేజీ వచ్చింది. ఆ అంకె అందరి నోట్సులోనూ ఉంది. లోపల చూస్తే 10,300 కోట్లు ఈక్విటీగా పెట్టేది, 1,140 కోట్లు పాత వర్కింగ్ క్యాపిటల్ రుణాన్ని ప్రిఫరెన్స్ షేర్లుగా మార్చేది. మొత్తం కొత్త డబ్బు అనుకుని వాక్యం చదివితే పప్పులో కాలేసినట్టే. ఎకానమీ పేపర్లో ఇలాంటి చోటే గురి చూసి కొడతారు.

చేపల వేట నిషేధం సంగతి ఇంకోలా తెలిసింది. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు, పశ్చిమ తీరంలో జూన్ 1 నుంచి జులై 31 దాకా. ఇది ప్రతి పుస్తకంలోనూ ఉంటుంది. ఫిషింగ్ హార్బర్‌లో వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన దగ్గర కూర్చుని మాట్లాడితే, "అరవయ్యొక్క రోజులని మీ పుస్తకంలో ఉంటాది గానీ, ఎందుకో రాసుంటాదా అమ్మా? గుడ్లెట్టే కాలం. అప్పుడు లాగేస్తే ఏడాదంతా ఏటి దొరుకుద్ది?" అన్నాడు. దొంగచాటుగా వెళ్తే పడవ పట్టుకుంటారని, నిషేధకాలపు భృతి జాబితాలో పేరు లేకపోతే చెప్పుకునే దిక్కుండదని కూడా చెప్పాడు. ఆ భృతినే 2025లో 10 వేల నుంచి 20 వేలకు పెంచారు.

నేను మళ్లీ నా పాత ప్రశ్నకే వచ్చాను. ఈ నిషేధం ఎవరు పెట్టారు? జవాబు ఇద్దరూ అని. చేపల వేట రాష్ట్ర జాబితాలో 21వ అంశం. తీరం నుంచి 12 నాటికల్ మైళ్ల ప్రాదేశిక జలాల వరకు రాష్ట్రం తన 1994 నాటి సముద్ర చేపల వేట నియంత్రణ చట్టం కింద ఉత్తర్వు ఇస్తుంది. ఆ గీత దాటాక కేంద్ర జాబితాలోని 57వ అంశం కిందకు వస్తుంది కాబట్టి కేంద్ర మత్స్యశాఖ ఇంకో ఉత్తర్వు ఇస్తుంది. తేదీలు ఒకటే, అధికారాలు రెండు. సముద్రంలో గీత కనిపించదు గానీ ప్రశ్నపత్రంలో కనిపిస్తుంది.

వీటన్నిటికన్నా నేను ఎక్కువ రోజులు తిప్పి తిప్పి చదివింది ఆర్‌ఆర్ వెంకటాపురం ఘటన. 2020 మే 7 తెల్లవారుజామున ఎల్జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి బయటికొచ్చి 12 మంది చనిపోయారు. ఊళ్లో ఉన్న మాకెవరికీ అది కరెంట్ అఫైర్స్‌లా అనిపించలేదు. రోడ్ల మీద పడిపోయిన మనుషుల్ని టీవీలో చూసి వణికిపోయిన రోజు అది. చాలాకాలం ఆ పేజీ తెరవబుద్ధి కాలేదు. తెరిచాక మాత్రం పర్యావరణ నియంత్రణ మొత్తం దాని చుట్టూనే నేర్చుకున్నాను.

మరుసటి రోజే, మే 8న, జాతీయ హరిత ట్రిబ్యునల్ ఎవరూ ఫిర్యాదు చేయకుండానే కేసు తీసుకుని 50 కోట్లు డిపాజిట్ చెయ్యమంది. ఇక్కడే మొదటి ముడి. హరిత ట్రిబ్యునల్‌కు తనంతట తాను కేసు తీసుకునే అధికారం ఉందా? 2010 నాటి ఆ చట్టంలో ఆ మాట ఎక్కడా సూటిగా లేదు. ఇది సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ముంబయి నగరపాలక సంస్థ, అంకితా సిన్హా కేసులో 2021 అక్టోబరులో ఆ అధికారం ఉందని కోర్టు తేల్చింది. కాబట్టి 'ట్రిబ్యునల్ సుమోటోగా విచారించలేదు' అన్న వాక్యం ఆప్షన్‌లో కనిపిస్తే కొట్టేయొచ్చు.

రెండో ముడి బాధ్యత గురించి. పాత ఇంగ్లిష్ సూత్రం ప్రకారం ప్రమాదకరమైన వస్తువును నీ స్థలంలో పెట్టుకుంటే, అది బయటికొచ్చి చేసిన నష్టానికి నీదే బాధ్యత. కానీ దైవ ఘటన, మూడో వ్యక్తి చర్య లాంటి మినహాయింపులున్నాయి. 1985 డిసెంబరులో ఢిల్లీలో శ్రీరామ్ ఫ్యాక్టరీ నుంచి ఓలియం గ్యాస్ లీకైనప్పుడు, భోపాల్ జరిగి ఏడాదే అయింది. ఎం.సి. మెహతా కేసులో జస్టిస్ పి.ఎన్. భగవతి నేతృత్వంలోని ధర్మాసనం ఆ మినహాయింపులన్నీ తీసేసింది. ప్రమాదకర పరిశ్రమ నడిపి లాభం తీసుకునేవాళ్లు నష్టానికి పూర్తిగా బాధ్యులేనని, సంస్థ ఎంత పెద్దదైతే పరిహారం అంత ఎక్కువ ఉండాలని చెప్పింది. దీన్నే సంపూర్ణ బాధ్యత అంటున్నాం. హరిత ట్రిబ్యునల్ మొదటి ఉత్తర్వులో పాత సూత్రం పేరు ఎత్తినప్పుడు న్యాయ నిపుణులు అభ్యంతరం చెప్పారు. జూన్ 1 నాటి ఉత్తర్వులో సంపూర్ణ బాధ్యత కూడా చేర్చింది. మెయిన్స్‌లో ఈ తేడా రాస్తే పేపర్ దిద్దేవాళ్ల దృష్టిలో పడతామని నా నమ్మకం.

డబ్బు సంగతికొస్తే, ప్రమాదకర పరిశ్రమల బాధితులకు వెంటనే సాయం అందాలని 1991లో ప్రజా బాధ్యత బీమా చట్టం తెచ్చారు. ఆ షెడ్యూల్‌లో ప్రాణం పోతే పెట్టిన మొత్తం 25 వేల రూపాయలు. వెంకటాపురంలో రాష్ట్ర ప్రభుత్వం ఒక్కో కుటుంబానికి కోటి ఇచ్చింది. ఈ రెండు అంకెల మధ్య దూరం చూస్తే చట్టాలను కాలానికి తగ్గట్టు మార్చకపోతే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

ఇక జన విశ్వాస్ చట్టం 2023. పుస్తకాల్లో '42 చట్టాలు, 183 నిబంధనల సవరణ, సులభతర వాణిజ్యం' అని ఉంటుంది. ఆ 42లో పర్యావరణ పరిరక్షణ చట్టం 1986 కూడా ఉందని గమనించారా? అంతకుముందు ఆ చట్టం ఉల్లంఘిస్తే ఐదేళ్ల వరకు జైలు లేదా లక్ష వరకు జరిమానా, లేదా రెండూ. సవరణ తర్వాత జైలు పోయి 10 వేల నుంచి 15 లక్షల దాకా పెనాల్టీ వచ్చింది. దీన్ని కోర్టు కాదు, ప్రభుత్వం నియమించే అడ్జుడికేటింగ్ ఆఫీసర్ వేస్తారు. ఏళ్ల తరబడి తేలని క్రిమినల్ కేసుకన్నా త్వరగా పడే పెనాల్టీ నయమన్నది ప్రభుత్వ వాదన. అందులో కొంత నిజముంది. కానీ పెద్ద కంపెనీకి 15 లక్షలు ఒక లెక్కా? నా మటుకు నాకు ఇది ఒప్పుకోబుద్ధి కాదు. జవాబులో మాత్రం రెండు పక్షాలూ రాసి, చివర నా మాట ఒక్క వాక్యంలో పెడతాను.

వెతుక్కునే చోట్ల గురించి కొంచెం. టెలిగ్రామ్‌లో తిరిగే పీడీఎఫ్‌లు తేదీలు గుర్తుపెట్టుకోవడానికి పనికొస్తాయి, అంతకుమించి నమ్మొద్దు. కేంద్ర నిర్ణయాలకు ప్రభుత్వ పత్రికా ప్రకటనల సైటు పీఐబీ, బిల్లుల సారాంశానికి పీఆర్‌ఎస్ అనే పరిశోధన సంస్థ సైటు, అసలు పాఠానికి ఈ-గెజిట్. రాష్ట్ర నిర్ణయాలకు జీవోలు చూడాలి. ఆ జీవోల వెబ్‌సైటు కథే ఒక పాలన పాఠం. 2021 ఆగస్టులో అందులో పెట్టడం ఆపేశారు, 2024 ఆగస్టులో మళ్లీ తెరిచారు. మధ్యలో మాలాంటివాళ్లు పేపర్లో వచ్చిన జీవో నంబర్ పట్టుకుని తిరగాల్సి వచ్చింది. సమాచార హక్కు చట్టం సెక్షన్ 4 ప్రకారం అడగకముందే బయటపెట్టాల్సిన కాగితాలవి.

తేదీల్లో ఎక్కువమంది ఇబ్బంది పడే చోటు ఒకటుంది. బిల్లు పాసవడం, రాష్ట్రపతి సంతకం, అమల్లోకి రావడం మూడూ వేర్వేరు. లేబర్ కోడ్‌లు నాలుగూ 2019, 2020ల్లోనే పాసయ్యాయి, అమల్లోకి వచ్చింది 2025 నవంబరు 21న. చట్టసభల్లో మహిళా రిజర్వేషన్ కోసం 106వ రాజ్యాంగ సవరణ 2023లోనే అయింది, అది అమలు కావాలంటే జనగణన, నియోజకవర్గాల పునర్విభజన జరగాలి. అందుకే నా నోట్సులో ప్రతి చట్టం పక్కనా మూడు తేదీలకు చోటు వదులుతాను.

ఈ మధ్య రీడింగ్ రూమ్‌లో బాగా గొడవ జరిగింది డేటా మీద. 2025 అక్టోబరు 14న గూగుల్ విశాఖలో ఏఐ హబ్ పెడతామని, ఐదేళ్లలో 15 బిలియన్ డాలర్లు ఖర్చు చేస్తామని ప్రకటించింది. అందరూ ఆ అంకె రాసుకున్నారు, ఉద్యోగాలెన్ని వస్తాయని వాదించుకున్నారు. నేను డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023 తీశాను. విదేశాలకు డేటా పంపడం మీద సెక్షన్ 16 ఏమంటుందంటే, కేంద్రం వద్దని నోటిఫై చేసిన దేశాలకు తప్ప మిగతా చోట్లకు పంపొచ్చు. ఆ చట్టం రూల్స్ 2025 నవంబరులో నోటిఫై అయ్యాయి, అదీ విడతలుగా. డేటా రక్షణ బోర్డుకు సంబంధించినవి వెంటనే, మన తరఫున డేటా అనుమతులు చూసే కన్సెంట్ మేనేజర్లవి ఏడాదికి, కంపెనీల మీద అసలు బాధ్యతలు పెట్టే నిబంధనలు 18 నెలలకు. అంటే 2027 మేలో.

అయితే వెంటనే అమల్లోకి వచ్చినవాటిలో సెక్షన్ 44(3) కూడా ఉంది. అది సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె)ని మార్చేసింది. ఇదివరకు వ్యక్తిగత సమాచారమైనా విస్తృత ప్రజా ప్రయోజనం ఉంటే ఆ క్లాజులోనే ఇవ్వమని ఉండేది. ఇప్పుడు ఆ మాటలు తీసేసి వ్యక్తిగత సమాచారం అన్నదాన్ని మొత్తంగా మినహాయింపులో పెట్టారు. సెక్షన్ 8(2) అలాగే ఉంది కాబట్టి ప్రజా ప్రయోజనం దారి మూసుకుపోలేదని ప్రభుత్వం అంటోంది. మా దగ్గర బ్యాంకు పరీక్షలకు చదివే తమ్ముడొకడు ఇదంతా విని, "అయితే అక్కా, కంపెనీలకేమో 18 నెలల గడువు, ఆర్‌టీఐ వేసేవాళ్లకేమో ఆ రోజు నుంచేనా?" అన్నాడు. అవునన్నాను. ఆ వాక్యాన్నే కొంచెం మర్యాదగా మార్చి మెయిన్స్ జవాబుకు మొదటి లైనుగా రాసుకున్నాను.